మేడ మీద బిడ్డ, కింద తల్లి

కాన్పుల వార్డు ఆయమ్మ పొద్దున్నే డ్యూటీ చీర కట్టుకోగానే చేసే మొదటి పని, అరచేతులు రెండూ వేడెక్కేదాకా రుద్దుకోవడం. "దేవుడా, ఈ పూట నా చేతికొచ్చే బిడ్డకి చలి తగలనీయకు" అని దణ్ణం పెట్టుకుని గానీ వార్డు గడప తొక్కేది కాదు. ఇరవై రెండేళ్ళుగా అదే వరస. నోరు గట్టిదే. అయినా బాలింతకి దుప్పటి కప్పితే, పాదాల దగ్గర మడత సర్దనిదే కదిలేది కాదు.

ఆ రోజు ఎనిమిదింటికి ఒక దర్జీ అమ్మాయికి ఆపరేషనయింది. తొలి కాన్పు, ఆడపిల్ల. బిడ్డని తుడిచి, తూచి, మేడ మీది పిల్లల గదికి పంపించారు. తల్లికి మత్తు నడుము వరకే, తెలివిగానే ఉంది. తలుపు చప్పుడైనప్పుడల్లా "నా పిల్లని తెచ్చారా?" అని తల తిప్పేది.

పావు తక్కువ తొమ్మిదికి ఆ అమ్మాయి అత్తగారు పాలడబ్బా చంకన పెట్టుకుని మెట్లెక్కబోయింది.

"ఎక్కడికి పెద్దమ్మా?"

"పిల్ల గుక్కపట్టి ఏడుస్తోందట. మా కోడలికి పాలు లేవుగా, డబ్బాపాలు కలిపిద్దామని."

ఆయమ్మకి ఒళ్ళు మండిపోయింది. "బిడ్డని మేడెక్కించి, తల్లిని కింద పడుకోబెట్టి, పాలు లేవంటే ఎలా? అక్కడిదాకా గొట్టం వేస్తారా?"

"నన్నంటావేం తల్లీ? సాయంత్రం దాకా తల్లికి బిడ్డని ఇవ్వరని నర్సమ్మే చెప్పింది."

బల్ల దగ్గరున్న నర్సమ్మ గోడకేసి చెయ్యి చూపించింది. ఆపరేషనైన తల్లికి, సాయంత్రం డాక్టరమ్మ చూశాకే బిడ్డనివ్వాలని అక్కడ కాగితం అంటించి ఉంది. అంచులు పసుపెక్కి చిరుగులు పట్టాయి.

ఆయమ్మ తిన్నగా వెళ్ళి డాక్టరమ్మని వెంటబెట్టుకొచ్చింది. డాక్టరమ్మ కళ్ళద్దాలు సర్దుకుని చదివింది. "ఇదింకా ఉందా? అప్పుడెప్పుడో వార్డులో జ్వరాలొస్తే, ఒక్క వారానికని పెట్టించాను."

"వారమా!" అంది ఆయమ్మ. "ఆరేళ్ళయిందమ్మా! పుట్టిన గంటలో తాగాల్సిన పిల్లల్ని పైన ఏడిపించి, తల్లులకి పాల్లేవని పేరు పెట్టి ఇళ్ళకి పంపించాం. నా చేతులతోనే మోసుకెళ్ళానే ఎంతమందినో! ఒక్కరమైనా అడిగామా?"

డాక్టరమ్మ ఆ కాగితం ఊడబెరికి, "బిడ్డని తీసుకురా" అంది.

ఆయమ్మ పిల్లని తెచ్చి తల్లి పక్కన ఒత్తిగిలించి పడుకోబెట్టి, ఆమె వీపుకి దిండు ఆనించింది. పిల్ల కాసేపు ముక్కుతో వెతుక్కుని, చటుక్కున అందుకుంది. దర్జీ అమ్మాయి కళ్ళమ్మట నీళ్ళు కారాయి. అత్తగారు డబ్బా మంచం కిందికి తోసి, కొంగుతో కోడలి చెంపలు తుడిచింది.

ఆయమ్మ కోపం మాత్రం దిగలేదు. అత్తగారిని పక్కకి పిలిచింది.

"పెద్దమ్మా, ఒక్క సాయం చేసిపెట్టు. పక్క గదిలో అమ్మాయికి మధ్యాహ్నం ఆపరేషను. వాళ్ళమ్మ అప్పుడే డబ్బా కొని పెట్టుకుంది. నేను చెబితే, ఆయమ్మ మాటలకేం లెమ్మంటుంది. నువ్వెళ్ళి, ఇప్పుడు చూసింది చూసినట్టు ఆవిడకి చెప్పు."