మాస్టారు మోసిన నింద

గురువారం పొద్దున ఆఫీసులో ఫోన్ మోగింది. మాస్టారి భార్య, నేను పిన్నిగారని పిలిచే ఆవిడ గొంతు. "రమణా, మీ మాస్టారు ఇక లేరు" అన్నారు. ఇంటి ముందు డ్రైవ్‌వేలో మంచు తీస్తూ, పార చేతిలో ఉండగానే కూలబడిపోయారట. అంబులెన్స్ వచ్చేలోపే అంతా అయిపోయింది. ఆర్కిటిక్ వలయానికి పైన, జూలైలో కూడా కరగని మంచు మీద మా అందరికంటే ముందు నడిచిన మనిషిని ఫార్మింగ్టన్ హిల్స్‌లో జానెడు మంచు తీసుకుపోయిందంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

కీర్తిశేషులు సోమయాజులు గారిని మిషిగన్‌లోని మన తెలుగువాళ్లు కమ్యూనిటీ కాలేజీ ప్రొఫెసరుగా ఎరుగుదురు. మన పిల్లలకు ఆయన 'రాక్ అంకుల్'. అంతకుముందు ఆయన అలాస్కాలో లోహాల కోసం వెతికే ఒక చిన్న కంపెనీలో ముఖ్య భూగర్భ శాస్త్రవేత్త. ఆ ఉద్యోగం ఎందుకు పోయిందో కూడా అందరికీ తెలుసు. కాకపోతే తెలిసినదంతా తప్పు.

ఫ్యూనరల్ హోమ్‌కి డెన్వర్ నుంచి ఆయన పాత సహోద్యోగి ఒకాయన వచ్చాడు. కళ్లు తుడుచుకుంటూ, "ఎంత గొప్ప జియాలజిస్టో! ఆ ఒక్క ఉంగరం పొరపాటు చేయకపోతే ఎక్కడో ఉండేవాడు" అన్నాడు. పక్కనున్న మన డాక్టరు గారు తలూపి, "అవునండీ, పాపం. వేలికున్న ఉంగరం తీయడం మర్చిపోయారట కదా" అన్నారు. నేను వాళ్ల పక్కనే నిలబడి ఉన్నాను. అప్పుడు కూడా నోరు విప్పలేదు. సోమయాజులు గారి వేలికి ఏనాడూ ఉంగరం లేదు. ఆయన మంచి పేరును ఆయనకు తిరిగి ఇవ్వడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అది డెబ్బైల చివర. నేను మాస్టర్స్ పూర్తిచేసి ఆ కంపెనీలో చేరాను. చిన్న కంపెనీ అంటే నిజంగా చిన్నదే. డెన్వర్‌లో రెండు గదుల ఆఫీసు, అద్దెకు తెచ్చుకున్న హెలికాప్టరు, వేసవి మూడు నెలలకు ఎనిమిది డేరాలు. గని లేదు, ఎప్పటికైనా దొరుకుతుందన్న ఆశ ఉంది. ఈ వేసవిలో ఏదైనా కనబడితే వచ్చే వేసవికి కంపెనీ ఉంటుంది, లేకపోతే ఉండదు. పొద్దున్నే హెలికాప్టరు ఒక్కొక్కరిని ఒక్కో వాగు మొదట్లో దించిపోయేది. వాగు వెంట నడుస్తూ, అక్కడక్కడ అడుగుమట్టి తీసి, సన్నజల్లెడలో వేసి చేత్తో రుద్ది, కిందికి దిగిన మెత్తటి మట్టిని సంచిలో కట్టి నంబరు వేయాలి. అదే మా పని. ఆ సంచులు ల్యాబ్‌కి వెళితే, అందులో బంగారం కంటికి కనబడనంత ఉన్నా వాళ్లు పట్టేసేవారు.

మాస్టారు నిష్ఠగల మనిషి, అందులోనే మహా సరదా మనిషి. అక్కడ వేసవిలో సూర్యుడు అస్తమించడు. మరి సాయంసంధ్య ఎప్పుడు వార్చాలి? మొదటి ఏడాది పంచాంగం ముందేసుకుని తలబద్దలు కొట్టుకున్నారట. నేను చేరేనాటికి తేల్చేశారు. "హెలికాప్టరు చివరి ట్రిప్పు ముగించి దిగిందంటే అస్తమయమేనోయ్" అని చెంబు పట్టుకుని వాగు దగ్గరికి బయలుదేరేవారు. ఆ సంగతి తెలిసిన పైలట్, దిగగానే ఆయన డేరా ముందుకొచ్చి, "ప్రొఫెసర్, సన్‌సెట్!" అని కేకేసేవాడు.

రాయి కనబడితే తడి చేసి చూడాలి, అప్పుడే దాని అసలు రంగు తెలుస్తుంది. మాస్టారు నీళ్లకోసం చూడకుండా నాలుకతో నాకేసేవారు. ఇంట్లోనూ అదే అలవాటు. పిన్నిగారు వంటింట్లోంచి, "ఉప్పు సరిపోయిందాండీ?" అని అడిగేవారు. ఆయన ఏమాత్రం తడుముకోకుండా, "నీ చారు కంటే నయం" అనేవారు. ఆ మాటకు ఆ పూట ఆయనకు చారు ఉండేది కాదు.

క్యాంపులో తెలుగువాళ్లం మేమిద్దరమే. ఆదివారాలు ఆయన డేరాలో స్టవ్ మీద పప్పు ఉడికేది. గోంగూర పచ్చడి సీసా మూత తీసి, "ఈ వాసనకు ఎలుగుబంట్లు మైలు దూరంలో ఆగిపోతాయి. గన్ను వాళ్లకి, ఇది మనకి" అని నవ్వేవారు. ఊరు విడిచి వచ్చాక ఒక పెద్దాయన నన్ను "నాయనా" అని పిలిచి కూర్చోబెట్టి అన్నం పెట్టడం అక్కడే మొదలు.

క్యాంపులో మాస్టారు పెట్టిన నిబంధన ఒకటుంది. ఉంగరాలు, గొలుసులు, వాచీలు అన్నీ తీసి డబ్బాలో పెట్టి తాళం వేయాలి. అందరూ తీశారు. నేను గొలుసు తీశాను, వాచీ తీశాను. కుడిచేతికి ఉన్న నవరత్నాల ఉంగరం తీయలేదు. నా జాతకం చూసి మా అమ్మ చేయించింది. శనిదశ వెళ్లేదాకా వేలినుంచి తీయొద్దని ఒట్టు వేయించుకుంది. తీస్తే అమ్మతో తంటా, తీయకపోతే మాస్టారితో తంటా. మధ్యేమార్గంగా దాని మీద ప్లాస్టర్ చుట్టి, వేలు తెగిందని చెప్పాను. చల్లటి వాగునీళ్లలో రోజంతా మట్టి రుద్దితే ప్లాస్టర్ ఎంతసేపు ఆగుతుంది? జారిపోయిందని చూసుకుని కూడా, సాయంత్రం మళ్లీ చుట్టుకుంటే చాలనుకున్నాను. మన బంగారం మెత్తన. అది జల్లెడకు రాసుకుంటుందన్న ఆలోచనే నాకు రాలేదు.

ఆగస్టులో ల్యాబ్ కాగితాలు వచ్చాయి. మూడు వాగుల్లో బంగారం! కంపెనీ ప్రెసిడెంటు ఉబ్బితబ్బిబ్బై పేపర్లకు ప్రకటన ఇచ్చేశాడు. క్యాంపులో పండగ చేసుకున్నారు. మాస్టారు మాత్రం రెండు రోజులు మ్యాపు ముందు నుంచి లేవలేదు. మూడో రోజు నన్ను డేరాలోకి పిలిచారు.

"బంగారం రాతిని బట్టి ఉండాలి నాయనా. ఇది మనిషిని బట్టి ఉంది. ఈ మూడు వాగులూ నడిచింది నువ్వే. నీ చెయ్యి చూపించు" అన్నారు.

చూపించాను. అడుగున ఉంగరం అరిగి, రాళ్ల చుట్టూ బంగారం అంచులు సన్నబడి ఉన్నాయి. తిడతారనుకున్నాను. ఆయన, "నీ గ్రీన్‌కార్డు పేపర్లు ఎంతదాకా వచ్చాయి?" అని అడిగారు. కంపెనీ లాయరు దగ్గరే ఉన్నాయని చెప్పాను.

ఆయన లేచి రేడియో ఫోన్ దగ్గరికి వెళ్లారు. నమూనాల్లోకి ఉంగరం బంగారం చేరిందనీ, ప్రకటన వెంటనే వెనక్కి తీసుకోవాలనీ ప్రెసిడెంటుకు చెప్పారు. అవతల అరుపులు నాకు వినబడుతూనే ఉన్నాయి. ఎవరి ఉంగరమని అడిగాడు. మాస్టారు, "ఇట్ ఈజ్ మై క్యాంప్. ది మిస్టేక్ ఈజ్ మైన్" అన్నారు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. ఉంగరం ఆయనదేనని వాళ్లే అనుకున్నారు. ఆ వారమే ఆయన ఉద్యోగం పోయింది. హెలికాప్టరు ఎక్కబోతూ, "నాకింకో ఉద్యోగం దొరుకుతుంది. నీ పేపర్లు ఆగిపోతే నిన్ను పంపించేస్తారు. నోరు మూసుకుని పని చేసుకో" అన్నారు. నేను నోరు మూసుకున్నాను. మరుసటి వేసవి వరకు కంపెనీ ఈడ్చుకొచ్చింది, ఆలోపు నాకు గ్రీన్‌కార్డు వచ్చింది. ఆ తర్వాత ఏ కంపెనీ కూడా ఆయన్ని ఫీల్డులోకి పంపలేదు. రాళ్ల మధ్య బతకవలసిన మనిషి బ్లాక్‌బోర్డు ముందు నిలబడ్డారు. నాకు డెట్రాయిట్‌లో ఉద్యోగం చూపించింది కూడా ఆయనే.

కార్డు రాగానే చెప్పేయవచ్చు. చెప్పలేదు. సిగ్గు అని ఒకటుంది, దానికి ఏ కార్డూ పనిచేయదు. తొమ్మిదేళ్లపాటు ఉగాదికీ దసరాకీ వాళ్లింట్లో విస్తరి ముందు కూర్చున్నాను. పిన్నిగారి ముఖం చూసినప్పుడల్లా, ఈవిడకు తెలిస్తే ఏమవుతుందోనని భయమేసేది.

పన్నెండో రోజు కార్యక్రమాలయ్యాక వంటింట్లో ఆమె ఒక్కరే ఉన్నప్పుడు అంతా చెప్పేశాను. పిన్నిగారు వింటూ వింటూ నా విస్తరిలో అన్నం వడ్డించారు.

"నాకు తెలుసు రమణా. అలాస్కా నుంచి దిగిన రోజే చెప్పారు. తెలిసినట్టు నీ దగ్గర బయటపడొద్దని ఒట్టు వేయించుకున్నారు."

"ఎందుకు పిన్నిగారూ?"

"'తెలిస్తే వాడు మనింట్లో తలెత్తుకుని తినలేడే' అన్నారు."

మాస్టారూ, ఆ ఉంగరం నాదని ఇవాళ అందరి ముందూ చెప్పాను. మీ పేరుకు మచ్చ లేదు. మీవంటి మనిషిని మళ్లీ చూడబోమని మాత్రం తెలుసు. ఆ రోజు పిన్నిగారు పెట్టిన అన్నం తల దించుకునే తిన్నాను. మారు అడగలేకపోయాను.