రెండు సెంటీమీటర్లు తగ్గిన కుర్చీ

2016. మలేషియాలో, సుంగై పెటాని ఊళ్లోని మా ఫర్నిచర్ ఫ్యాక్టరీలో ఉదయం పది గంటల పది నిమిషాలకు టీ బెల్ మోగింది. రోజూ మోగేదే. చెక్కను గరుకు కాగితంతో నునుపు చేసే శాండింగ్ సెక్షన్ ఆడవాళ్లు మాస్కులు కిందికి లాక్కుని, బోర్లించిన ప్లాస్టిక్ డబ్బాల మీద కూర్చున్నారు. చుట్టూ ప్యాకింగ్‌కు సిద్ధమైన కుర్చీలు వందల్లో ఉన్నాయి. వాటిలో ఎవరూ కూర్చోరు. పాలిష్ మీద గీతలు పడతాయని గోడ మీద "జంగన్ దుదుక్" అని బోర్డు ఉండేది. మలయ్‌లో కూర్చోవద్దని అర్థం. ఆ బోర్డు రాసింది నేనే.

అప్పట్లో నా పని శాంపిల్ రూములో. కొత్త డ్రాయింగ్ వస్తే మొదటి కుర్చీని చేతితో చేసేవాణ్ని. అది ఖాయమయ్యాక జిగ్‌లు తయారు చేసేవాణ్ని. జిగ్ అంటే ముక్కలను ప్రతిసారీ ఒకే చోట పట్టి ఉంచే చట్రం. మొదటి కుర్చీలో తప్పుంటే వేల కుర్చీల్లోనూ అదే తప్పు ఉంటుంది.

ఆ రోజు శాంపిల్ రూములో ఒక ఫ్రెంచ్ డిజైనర్ ఉన్నారు. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి. సెక్షన్‌లో అందరూ ఆయన్ని ఫ్రెంచి తాత అనేవారు. బడుల కోసం ఒకదాని మీద ఒకటి పేర్చే ప్లైవుడ్ కుర్చీతో మొదలుపెట్టి, తర్వాత అచ్చుపోసిన ప్లాస్టిక్ కుర్చీలు చేశారు. ఆస్పత్రుల్లో, రైల్వే క్యాంటీన్లలో ఎందరో వాటిలో కూర్చున్నారు, ఆయన పేరు తెలియకుండానే. తనకు అదే ఇష్టమని, బడి టీచరు కొనలేని కుర్చీ తనకు అక్కర్లేదని చెప్పేవారు.

ఆఖరి కుర్చీని రబ్బరు చెక్కతో చేయాలనుకున్నారు. పాలు ఆగిపోయిన చెట్లను నరికితే వచ్చే చెక్క అది. మా నాన్న అలాంటి చెట్లకు గాటు పెట్టి పాలు తీసినవాడు. ఆ సంగతి చెబితే ఆయన చెక్కను నిమిరారు.

కాని నా రెండు శాంపిళ్లనూ ఆయన ఒప్పుకోలేదు. "కూర్చుంటే ఎక్కడో పట్టేస్తోంది. మీరు డ్రాయింగ్ ప్రకారం చేయలేదు" అన్నారు. ఆ రోజు చూపించాల్సింది మూడోది. ఇది కూడా కుదరకపోతే ఆర్డర్ వేరే దేశానికి పోతుందని, శాండింగ్‌లో ఒక షిఫ్ట్ తీసేస్తామని మేనేజర్ పొద్దున్నే చెప్పాడు. నా భార్య సింహాచలం ఆ షిఫ్ట్‌లోనే ఉంది.

ఆయన మూడోదానిలోనూ కూర్చుని తల అడ్డంగా ఊపారు. నేను టేపు పెట్టి సీటు ఎత్తు చూపించాను.

"నలభై ఆరు సెంటీమీటర్లు, సార్. మీరు గీసిందే."

"దీనిలో ఇంకెవరు కూర్చున్నారు?"

"లోడ్ టెస్ట్ చేశాం, సార్." అంటే మెషిన్‌తో సీటు మీద మళ్లీ మళ్లీ బరువు మోపి, విరుగుతుందేమో చూడటం.

"మెషిన్‌కి కాళ్లున్నాయా? మీరు కూర్చున్నారా?"

పదిహేడేళ్లుగా కుర్చీలు చేస్తున్నాను. కూర్చోలేదు.

ఆయనే కుర్చీ ఎత్తుకుని టీ తాగుతున్న చోటికి నడిచారు. అందరిలో పొట్టిగా ఉన్న సింహాచలాన్ని చూపించి కూర్చోమని సైగ చేశారు.

"ఏటి మావా, ఈ తాత నన్ను కూకోమంతన్నాడా? బోర్డెట్టినోడివి నువ్వే కదా!"

ఇక్కడివాళ్లలాగే మాట చివర "లా" తగిలించే పార్వతక్క పక్కనుంచి ఊరుకోలేదు. "కూకో లా! రాణీలాగ కూకో. నీ డబ్బా ఎక్కడికీ పోదు."

సింహాచలం లేచి, ప్యాంటుకు అంటిన చెక్కపొడిని తువ్వాలుతో దులుపుకుని, అంచు మీద కూర్చుంది. వెనక్కి జరగమన్నాను. జరిగింది. మడమలు నేలనుంచి లేచాయి. ఆయన మెల్లగా మోకాళ్ల మీద కూర్చుని, మడిచిన డ్రాయింగ్‌ను ఆమె మడమ కిందికి తోశారు. కాగితం అవతలికి వచ్చేసింది.

"ఎలాగుంది?" అని అడిగాను.

"సెప్పీనా? తొడల కింద కోస్తంది. నా డబ్బాయే నయం."

అందరూ నవ్వారు. ఆమె ఏమందో చెప్పమని ఆయన పట్టుబట్టారు. భయపడుతూనే ఇంగ్లీషులో చెప్పాను. అందరికంటే ఎక్కువసేపు ఆయనే నవ్వారు. తర్వాత ఒక డబ్బా మీద కూలబడి నాతో అన్నారు:

"నలభై ఏళ్లుగా ఇదే ఎత్తు గీస్తున్నాను. అప్పటి నా కాళ్లకు సరిపోయింది. డ్రాయింగ్ మారలేదు, వయసుతో నేనే కుంగి పొట్టివాణ్నయ్యాను. తప్పు మీదన్నాను. క్షమించండి."

అక్కడే రంపం తెచ్చి నాలుగు కాళ్లూ రెండేసి సెంటీమీటర్లు కోశాను. సీటు ముందు అంచును ఆకురాయితో గుండ్రం చేశాను. సింహాచలం దానికి గరుకు కాగితం పట్టి నునుపు చేసి, మళ్లీ కూర్చుంది. ఈసారి మడమలు నేలకు ఆనాయి.

"ఇప్పుడు?"

"ఇప్పుడు లెగబుద్ధి కావట్లేదు లా."

ఆయన కుర్చీని తిరగేసి, సీటు అడుగున పెన్సిల్‌తో సంతకం చేశారు. ఆర్డర్ మా దగ్గరే ఉండిపోయింది. షిఫ్ట్ కూడా.

ఆ తర్వాత ప్రతి కొత్త శాంపిల్‌నూ టీ వేళకు శాండింగ్ సెక్షన్‌కు తీసుకెళ్లేవాణ్ని. పొట్టివాళ్లు, పొడుగువాళ్లు, నడుంనొప్పి ఉన్నవాళ్లు కూర్చుని చెప్పేవారు. మొహమాటపడేవారు కాదు. కొలత డ్రాయింగ్‌కు సరిపోవడం వేరు, మనిషికి సరిపోవడం వేరు. నాకు పదిహేడేళ్లకు తెలిసిన ఆ మాట డబ్బా మీద కూర్చునేవాళ్లకు ముందే తెలుసు.

నాలుగేళ్ల తర్వాత ఆయన పోయారని ఒక వాక్యం ఈమెయిల్‌లో వచ్చింది. సింహాచలం కూడా పోయి ఇప్పటికి ఏడాది దాటింది. ఆ శాంపిల్ కుర్చీ మా వంటగదిలో ఉంది. పొద్దున కాఫీ దానిలో కూర్చునే తాగుతాను. నా వయసూ పెరిగింది, అయినా మడమలు నేలకు ఆనుతున్నాయి. ఎక్కడా కోయదు.

ఇప్పుడు శాంపిళ్లను కంప్యూటర్‌లోనే చూసి ఖాయం చేస్తున్నారు. టీ బెల్ అదే వేళకు మోగుతుంది. కొత్త కుర్చీలో ఎవరినీ కూర్చోబెట్టి చూడటం లేదు.