బిగించని ఫ్లైవీల్

దయ్యాలంటే నవ్వేవాళ్లలో నేనొకణ్ణి. తెనాలిలో కార్ల షెడ్డు నడుపుతున్నాను. చప్పుడు వచ్చిందంటే ఎక్కడ వదులైందో వెతకడమే గాని, దణ్ణం పెట్టే అలవాటు లేదు.

పని నేర్పింది మా మావయ్య, అమ్మకి తమ్ముడు. ఇప్పుడు లేడు. మహా చాదస్తం మనిషి. మా పని నచ్చకపోతే నోరు విప్పి చెప్పేవాడు కాదు. స్పానర్‌తో బల్ల మీద రెండుసార్లు కొట్టేవాడు. విప్పమని దానర్థం. ఎందుకని అడిగితే టీకి వెళ్లిపోయేవాడు. ప్రాణం విసిగిపోయేది.

మొన్న వేసవిలో రేపల్లె నుంచి ఒక టాక్సీ వచ్చింది. క్లచ్ వదిలితే బండంతా వణుకుతోంది. గేర్‌బాక్సు దించితే, ఇంజను వెనక తిరిగే ఫ్లైవీల్ మీద వేడికి నీలం మచ్చలు పడి ఉన్నాయి. లేతు మీద చెక్కించాను. అది పరుగులో బద్దలైతే డ్రైవర్ కాళ్లు మిగలవు. అందుకే తాడుకి వేలాడదీసి సుత్తితో తట్టాను. పగులుంటే బొంగురుగా పలుకుతుంది. ఇది ఖంగున మోగింది.

"రేపు పొద్దున్నకి బండి తప్పదండి. బాపట్ల పెద్దాయన్ని డయాలసిస్‌కి గుంటూరు తీసుకెళ్లాలి. నన్నే నమ్ముకున్నాడు" అన్నాడు డ్రైవర్. మాటిచ్చాను.

మధ్యాహ్నం బోల్టులు బిగిస్తుంటే వెనక బల్ల మీద టక్, టక్. లేచి చూస్తే ఎవరూ లేరు. నా చేతిలోది తప్ప స్పానర్లన్నీ గోడకే ఉన్నాయి. మళ్లీ బిగించబోయాను. మళ్లీ టక్, టక్.

"ఎవరండి అది?" అన్నాడు డ్రైవర్. అతనూ విన్నాడు కాబట్టే ఇది రాస్తున్నాను.

ఒళ్లు మండింది. విప్పి మళ్లీ తట్టాను. ఖంగుమంది. పగుళ్లు పట్టిచ్చే రంగు చల్లితే ఒక్క గీత కూడా తేలలేదు. తీరా బిగించబోతే మళ్లీ అదే చప్పుడు.

"పోయినా నీ చాదస్తం పోలేదా మావయ్యా" అని బల్లకేసి అరిచాను. డ్రైవర్ బిత్తరపోయాడు.

కొత్తది ఆ రోజు ఊళ్లో ఎక్కడా దొరకలేదు. నా కారూ అదే మోడల్. తిట్టుకుంటూ దాని ఫ్లైవీల్ విప్పి టాక్సీకి బిగించాను. బల్ల కిమ్మనలేదు. పెద్దాయన వేళకి ఆసుపత్రి చేరాడు.

పాతది ఆ తర్వాతైనా పగిలి ఉంటే మావయ్యకి దణ్ణం పెట్టేవాణ్ణి. పగల్లేదు. ఇప్పటికీ షెడ్డులో వేలాడుతోంది. ఎవరు తట్టినా ఖంగుమంటుంది. మరి ఎందుకు విప్పమన్నట్టు? అప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పడు.

నా కారు మాత్రం స్టాండ్ల మీదే ఉండిపోయింది. కొలకలూరులో పెళ్లికి మండుటెండలో స్కూటర్ మీద వెళ్లాం.

"దయ్యాల్లేవంటావు, ఆ చక్రం మంచిదంటావు. మరి మన బండికి బిగించొచ్చుగా?" అంది మా ఆవిడ.

రేపే బిగిస్తానన్నాను. అది వేసవిలో మాట. ఇప్పుడు చలికాలం.