రాముడి దండ

ఆ పొద్దున మొగిలవ్వ మల్లెతోటలోకి వెళ్లడం అది ఆరోసారి. మొగ్గలు ఎక్కడికీ పోవని ఆమెకు తెలుసు. అయినా ఇంట్లో కాలు నిలవడం లేదు. తెల్లవారితే శ్రీరామనవమి. ఊరి గుళ్లో కల్యాణానికి దండలు కట్టవలసిన ఆమె మొగుడు రాజమౌళి వాకిట్లో మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. మాఘమాసంలో పక్షవాతం వచ్చి అతని కుడిచెయ్యి పడిపోయింది.

కోరుట్ల దగ్గరి ఆ ఊళ్లో మాలీల ఇల్లు ఒక్కటే. పూలు, కూరగాయలు పండించడం వాళ్ల కులవృత్తి. సీతారాముల దండలు రాజమౌళి తాత కట్టాడు, తండ్రి కట్టాడు, ముప్పై ఏళ్లుగా రాజమౌళి కడుతున్నాడు. సూది తగలకూడదు, దారం వాడకూడదు, అరటినారతోనే కట్టాలి. కోసిన పువ్వు వాసన చూడకూడదు. ఆడవాళ్లు పూలు అందించాలే గానీ ముడి వెయ్యకూడదు.

బావి ఎండిపోయిన ఏడు మొగుడూ పెళ్లాలు బతుకుదెరువుకు సిరిసిల్ల వెళ్లారు. అతను మరమగ్గం నడిపాడు, ఆమె నూలు కండెలు చుట్టింది. అక్కడున్న పదకొండేళ్లూ నవమి ముందురోజు రాజమౌళి బస్సెక్కి ఊరికొచ్చి, దండలు కట్టి, పండుగ కాగానే మళ్లీ మగ్గం దగ్గరికి పోయేవాడు. చేనులో బోరు పడ్డాకే ఇద్దరూ తిరిగొచ్చి మల్లె, మరువం నాటారు.

గుడి కమిటీ పెద్ద సుదర్శన్ వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"మొగిలవ్వా, దండల ఫికర్ పెట్టుకోకుండ్రి. జగిత్యాలల చెప్పిన. పొద్దుగాల్ల గులాబీ దండలు అస్తయి."

"ఇన్నేండ్లు మా ఇంటి దండలే వేసిండ్రు గదా పటేలా?"

"రాజమౌళి చెయ్యి గట్లాయె. ఇగ ఎవలు కడ్తరు?"

"నేను కడ్త."

ఆ మాట నోటివెంట ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. సుదర్శన్ మంచంవైపు చూశాడు. రాజమౌళి కదల్లేదు.

"సరే, నీ ఇష్టం. నేనైతే ఆర్డర్ ఇచ్చిన" అని అతను వెళ్లిపోయాడు.

అప్పుడు గోడవైపు నుంచి మాట వచ్చింది. "మా ఇండ్ల ఆడోళ్లు కట్టరు. ఎరుకనే గదా?"

"ఎరుకే. మరి నువ్వు లేసి కట్టు."

అనకూడని మాట అన్నానని ఆమెకు తెలుసు. అయినా వెనక్కి తగ్గలేదు. స్నానం చేసి, తడిబట్ట పరిచి, మొగ్గలు, మరువం, దవనం కుప్పలు పోసింది. అరటినార చీల్చి నీళ్లలో నానబెట్టింది. ఏళ్ల తరబడి పక్కన కూర్చుని చూసిన పనే. చేతికొచ్చేసరికి ఒక్క ముడీ నిలవలేదు. బిగిస్తే కాడలు తెగాయి, వదులు చేస్తే మొగ్గలు జారాయి. రెండుసార్లు మొత్తం విప్పేసింది. లేచి బోరు దాకా నడిచింది, మొహం కడుక్కుంది, వచ్చి కూర్చుంది, మళ్లీ లేచింది. మధ్యాహ్నమైంది. ఎండకు మొగ్గలు విచ్చుకుంటాయేమోనన్న భయం ఆమెను తినేస్తోంది.

మూడోసారి మూరెడు కట్టాక నార పుటుక్కున తెగింది. ఏడుపొచ్చింది. కానీ చేతులు వాటంతట అవే రెండు కొసలనూ పట్టుకున్నాయి. సిరిసిల్లలో నూలు తెగితే వేసిన ముడి అది, రోజుకు వందలసార్లు వేసింది. లాగి చూసింది. అతుకు కనబడలేదు.

"గదేం ముడి?" రాజమౌళి ఎప్పుడు ఇటు తిరిగాడో ఏమో!

"సిరిసిల్ల ముడి."

అతను మెడ చాచి అతుకు ఎక్కడుందోనని చూశాడు. తర్వాత ఎడమచేత్తో మంచంపట్టె పట్టుకుని మెల్లగా లేచి కూర్చున్నాడు. ఎడమకాలు ఆమె ముందుకు చాచాడు.

"నార నా బొటనేలికి కట్టు. గట్ల ఒళ్లె పెట్టుకుంటె బిగి ఎట్లస్తది? నాలుగు మొగ్గలు గిటు, నాలుగు గటు. ఆఁ, గిప్పుడు మరువం."

ఆమె కట్టింది. అతను కసురుకున్నాడు, ఆమె తిరిగి కసిరింది. పొద్దు వాలేటప్పటికి ఒక దండ పూర్తయింది. ఆమె తన చేత్తో మూరలు కొలవబోతే అతను ఆపాడు.

"నీ మూర గాదు. విగ్రహాలకు నా మూరనే సరిపోతది. మూరన్నర."

మొగిలవ్వ అతని కుడిచెయ్యిని రెండు చేతులతో ఎత్తి ఒళ్లో పెట్టుకుంది. బరువుగా, చల్లగా ఉంది. దండను మోచేతి నుంచి వేలికొస దాకా ఆనించి కొలిచింది. రాజమౌళి కళ్లు మూసుకున్నాడు. నాలుగు వేళ్లు తక్కువైతే ఆ మేరకు కట్టింది. రెండో దండ చీకటి పడకముందే ముగిసింది.

మర్నాడు గుళ్లో జగిత్యాల దండలే ముందు వేశారు. ఎర్రగా, ఎంతో బాగున్నాయి. అయితే మనుషుల పెళ్లికి చేసే కొలతతో చేసినవి. మూరెడు విగ్రహాల పాదాలు దాటి పీట మీద కుప్పపడ్డాయి. ఆ బరువుకు సీతమ్మ విగ్రహం పక్కకు ఒరిగింది. పంతులు చప్పున పట్టుకుని, గులాబీలు తీసి పక్కన పెట్టి, జనంలోకి చూశాడు.

"రాజమౌళి ఇంటి దండలేవీ?"

మొగిలవ్వ పళ్లెం అందించింది. దండలు సరిగ్గా మోకాళ్ల దగ్గర ఆగాయి. ఎవరెవరో ఏదో అన్నారు, ఆమెకు వినబడలేదు. కల్యాణమైనంతసేపూ స్తంభం పక్కనే నిలబడి, ఎక్కడ ముడి జారుతుందోనని చూస్తూనే ఉంది. తలంబ్రాలు పోసేటప్పుడు ఒక్క మల్లె రాలింది. అంతే.

ఇంటికొచ్చాక జరిగిందంతా చెప్పింది. రాజమౌళి విని, "రెండో దండల మరువం దూరం దూరం పడ్డది. నిన్ననే చూసిన" అన్నాడు.

"మరి నిన్ననే ఎందుకు చెప్పలే?"

"చెప్తె మల్ల ఇప్పుతుంటివి."

ఇది మూడేళ్ల కిందటి సంగతి. అప్పటినుంచి ఊరి రాముడి దండలు మొగిలవ్వే కడుతోంది. మొన్నటి నవమికి జగిత్యాలలో నర్సు పని చేస్తున్న బిడ్డ ప్రవళిక రెండు రోజులు సెలవు పెట్టి వచ్చి, తల్లి పక్కన కూర్చుని నార అందుకుంది. కట్టిన నాలుగు వరుసలూ జారిపోయాయి. తల్లి మరో నార చీల్చి ఇచ్చింది. తండ్రి మంచం మీద నుంచి కాలు చాచాడు.