పచ్చసిరా పడ్డ పదహారు చెక్కులు

1995 మే నెలలో ఉదయగిరి బ్రాంచికి మేనేజరుగా చేరాను. ప్రమోషన్ మీద దొరికిన మొదటి మేనేజరు కుర్చీ అది. అంతకు ముందు మూడేళ్లు మద్రాసులో మా బ్యాంకు విదేశీ మారకం సీటులో పనిచేశాను. డాలర్లు, పౌండ్లు, దీనార్లు రోజూ చేతిలో ఆడేవి. ఉదయగిరిలో ఆ విద్య ఎవరికి కావాలి? అక్కడ గొర్రెల అప్పులు, బంగారం తాకట్టు, పింఛన్లు, చెక్క గరిటెలు చేసేవాళ్లకు చిన్న చిన్న రుణాలు. నేర్చుకున్నదంతా అటకెక్కిందనుకున్నాను.

ఏడాది తిరిగేసరికి అది అటక దిగింది. కారణం యానెకె అనే డచ్చి అమ్మాయి. పశువైద్యంలో పరిశోధన చేస్తూ మన నెల్లూరు గొర్రెల మీద పనిచేయడానికి వచ్చింది. హైస్కూలు హెడ్మాస్టరు దేవసహాయం గారింట్లో ఒక గది అద్దెకు తీసుకుంది. ఊరికి దక్షిణంగా పెంచలయ్య అనే కాపరి మందలో ముప్పై గొర్రెపిల్లలను ఎంచి, చెవులకు నంబరు బిళ్లలు వేసి, పుట్టినప్పటి నుంచి నెలనెలా తూకం వేసేది. పిల్లకు ఏడాది నిండేదాకా తూకాలుంటేనే ఆమె పరిశోధన పరిశోధన. ఊళ్లో అందరికీ ఆమె జానకమ్మ. తెలుగు మందల దగ్గర నేర్చుకుంది కాబట్టి బ్యాంకుకొచ్చినా మంద భాషే మాట్లాడేది. మా క్యాషియర్‌ను ఒకసారి "ఏందిరా, ఈ నోటు చినిగుండాది" అని అడిగితే, అతను చిన్నబుచ్చుకోకుండా మార్చి ఇచ్చాడు.

పరదేశంలో ఉండేవాళ్లకు అక్కడి డబ్బు సమకూర్చుకోవడం నిత్యం ఉండే తలనొప్పి. ఆమె దగ్గర ట్రావెలర్స్ చెక్కులున్నాయి. ఇవి తెలియని వాళ్ల కోసం చెబుతాను. కొనేటప్పుడు పైన ఒక సంతకం పెడతారు. మార్చేటప్పుడు, మార్చే అధికారి కళ్లెదుట, కింద రెండో సంతకం పెడతారు. రెండూ కలిస్తేనే డబ్బు. పోయినా పాడైనా కంపెనీ తిరిగి ఇస్తుంది. చేతి నోట్ల కంటే వీటికి రేటు కూడా కాస్త ఎక్కువ. నెల్లూరులో ఇంకా ఎక్కువ రేటిస్తామనే దుకాణాలు లేకపోలేదు కానీ, వాళ్లు రసీదు ఇవ్వరు. బ్యాంకు ఇచ్చే మార్పిడి సర్టిఫికెట్ చేతిలో లేకపోతే, దేశం విడిచేటప్పుడు మిగిలిన రూపాయలను మళ్లీ డాలర్లు చేసుకోవడం కుదరదు. ఇవన్నీ మొదటి పరిచయంలోనే ఆమెకు చెప్పాను. ఒక్క రెండో సంతకం సంగతి చెప్పలేదు. చెక్కు మీదే ఇంగ్లీషులో అచ్చేసి ఉంటుంది కదా అనుకున్నాను.

ఆగస్టులో పెంచలయ్య బోరు ఎండిపోయింది. కొత్త బోరుకు బండి మాట్లాడుకున్నాడు, దానికి డబ్బు కావాలి. పిల్లలను మద్రాసు లారీకి అమ్మేస్తానన్నాడు. వాటికి ఏడాది నిండడానికి ఇంకా రెండు నెలలుంది. లారీ ఎక్కితే ఆమె తూకాలన్నీ వృథా. ముప్పైనీ తనే కొంటానంది. పెంచలయ్య మంచివాడే కానీ బోరు బండి ఆగదు. "శనివారం పొద్దుగూకేదాకా చూస్తానమ్మా. ఆదివారం లారీ వస్తాది. ఆ పైన నన్ననుకోబాక" అన్నాడు.

ఆమె, దేవసహాయం గారు సోమవారమే బ్యాంకుకు వచ్చారు. నేను బ్యాంకర్ల మీటింగుకని ఆత్మకూరు వెళ్లాను. బుధవారం పొద్దున మళ్లీ వచ్చి నా బల్ల మీద యాభై డాలర్ల చెక్కులు పదహారు వరసగా పేర్చారు. పదహారింటి మీదా రెండో సంతకం అయిపోయింది. ప్రతి సంతకం పక్కన పచ్చసిరాతో "నా సమక్షంలో సంతకం చేయబడినది" అని రాసి, దేవసహాయం గారు సంతకం చేసి, హైస్కూలు గుండ్రటి సీలు వేశారు. ఒక్కటి కూడా వంకరగా లేదు.

రెండో సంతకం పడ్డ చెక్కును ఏ బ్యాంకూ మామూలుగా తీసుకోదు. పైగా మూడో మనిషి రాత, సీలు. మద్రాసులో నా కౌంటరు మీదికి ఇలాంటిది ఒక్కటొచ్చినా అందరినీ పిలిచి చూపించేవాణ్ణి. ఎవరు చేయమన్నారు మాస్టారూ అని కాస్త కటువుగానే అడిగాను.

"మీ బోర్డే సార్" అన్నారాయన నిదానంగా. "గోడ మీద రాసుండాది గదా. ఆ ప్రకారమే చేసినాము."

బయటికి వెళ్లి చూశాను. నిజమే. చేరిన కొత్తల్లో రుణాల దరఖాస్తుల మీద దొంగ సంతకాలు వస్తున్నాయని నేనే రాయించి తగిలించాను: "బ్యాంకులో దాఖలు చేయు ప్రతి పత్రముపైన సంతకము గెజిటెడ్ అధికారి సమక్షమున చేసి, అటెస్టు చేయించి తేవలెను. లేనిచో తిప్పి పంపబడును." హైస్కూలు హెడ్మాస్టరు గెజిటెడ్ అధికారే. ప్రతి పత్రము అన్నాను. చెక్కు పత్రం కాదని ఎక్కడా అనలేదు. ఊళ్లో నా బోర్డును అక్షరాలా పాటించిన మొదటి మనిషి ఈయనే. ప్యూనును పిలిచి దాన్ని అప్పటికప్పుడే తీయించాను. సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. రెండూ బయట పడనీయకుండా కుర్చీలో కూర్చున్నాను.

"ఏంది సార్, పనికి రాదా?" అని అడిగింది జానకమ్మ. ఆ గొంతులో తొమ్మిది, పది నెలల తూకాలున్నాయి.

విదేశీ మారకంలో మాది ఆఖరి తరగతి శాఖ. చెక్కులు తీసుకొని పై శాఖకు పంపడమే తప్ప మార్చే అధికారం లేదు. పై శాఖ నెల్లూరులో ఉంది. వసూలుకు పంపితే నెల పడుతుంది. మద్రాసులో కంపెనీ ఆఫీసుకు వెళ్లి, పాడైన చెక్కులకు బదులు కొత్తవి తీసుకోవడం అన్నిటికంటే క్షేమం, ఖర్చూ లేదు. కానీ వాళ్ల విచారణకు రోజులు పడతాయి. శనివారం ఎవరి కోసమూ ఆగదు. నెల్లూరుకు ఫోన్ చేశాను. ఆ సీటులో ఉన్నది సరోజిని గారు. నేను విషయం సగం చెప్పేలోపే తిప్పి పంపేయమన్నారు. ఎవరి బోర్డు వల్ల జరిగిందో మాత్రం నేను ఫోన్‌లో చెప్పలేదు.

ఎదురుగా చెబితే వింటారేమోనని గురువారం సెలవు పెట్టి, వాళ్లిద్దరినీ వెంటబెట్టుకొని నెల్లూరుకు మొదటి బస్సెక్కాను. ఆత్మకూరు బస్టాండులో బస్సు మారుతుంటే, కువైట్ డబ్బు మార్పిడి చేసే ఒక పెద్దమనిషి నన్ను గుర్తుపట్టి, సంగతి తెలుసుకొని, చెక్కులు అడిగి చూశాడు. రెండో సంతకం కనబడగానే ముఖం వెలిగింది. సంతకాలు రెండూ పడ్డ చెక్కు చేతి నోటు లాంటిదే, ఎవరి చేతికి చిక్కితే వాళ్లది. మరుక్షణం సీలు కనబడింది.

"ఈ హైస్కూలు ముద్ర ఏంది సామీ? దీన్ని ఎవడు కొంటాడు?" అని మడిచి తిరిగి ఇచ్చేశాడు.

మూడు రోజులుగా ఆ చెక్కులు గోడ మేకుకు తగిలించిన గుడ్డ సంచీలో ఉన్నాయని ఆమె అప్పుడు చెప్పింది. దొంగెవడైనా ఎత్తుకుపోయినా పనికి రాకుండా కాపాడింది మాస్టారి సీలే. నేను ఆ మాట అంటే దేవసహాయం గారు దారిలో సంగం ఊరు దాటేదాకా ఎంతో తృప్తిగా కూర్చున్నారు.

నెల్లూరులో సరోజిని గారు నన్ను కూర్చోమని కూడా అనకుండా పదహారూ పరిచి చూశారు. భూతద్దం పెట్టి పై సంతకం, కింది సంతకం, పాస్‌పోర్టు సంతకం పోల్చారు. తరువాత మాస్టారి వైపు తిరిగి, ఇలా అటెస్టు చేయమని ఎవరు చెప్పారని అడిగారు. దేవసహాయం గారు నా వైపు చూడలేదు. "నాకు తెలిసింది నేను చేసినానమ్మా" అని మాత్రం అన్నారు. పై అధికారి కాకపోయినా సాటి అధికారి ముందు నా పరువు పోకూడదని, తప్పు తన నెత్తిన వేసుకున్నారు. ఆ పెద్దాయన తల వంచుకొని నిలబడితే నేను చూస్తూ ఊరుకోలేకపోయాను. బోర్డు నాదని చెప్పాను. అందులో రాసిన మాటలు కూడా చదివినట్టు చెప్పాను.

ఆవిడ పెదవి బిగించి నవ్వాపుకున్నారు. అయితే ఆ ముక్కే కాగితం మీద పెట్టమన్నారు. శాఖ నోటీసును అనుసరించి ఈ సీళ్లు పడ్డాయనీ, చెక్కులు చెల్లకుండా తిరిగి వస్తే మొత్తం సొమ్ము నా జీతంలో కోసుకోవచ్చనీ రాసి సంతకం చేశాను. జానకమ్మ ఒక్కొక్క చెక్కు వెనక, ఆవిడ కళ్లెదుట, మళ్లీ సంతకం పెట్టింది. రెండో సంతకం ముందే పడిపోయిన చెక్కుకు ఉన్న మార్గం అదొక్కటే. సీలు సంతకానికే తప్ప చెక్కు సొమ్ముతో తనకు సంబంధం లేదని దేవసహాయం గారు కూడా ఒక లేఖ రాశారు. రాసి, అలవాటుగా సంచీలోంచి సీలు తీశారు. సరోజిని గారు కాగితం మీద అరచెయ్యి ఆనించి, "వద్దు మాస్టారూ" అన్నారు.

ఆవిడ సొమ్ము ఇప్పించారు. మార్పిడి సర్టిఫికెట్‌ను పాస్‌పోర్టులో పెట్టించాను. పెంచలయ్య అయిదువందల నోటు తీసుకోడు కాబట్టి అన్నీ వందలే అడిగాం. చిరిగినవి కౌంటరు దగ్గరే మార్పించాను, గడప దాటాక ఎవరూ మార్చరు. కట్టలు గొర్రెలను తూచే స్ప్రింగు త్రాసు సంచీ అడుగున చేరాయి. దాని వాసనకు ఆ సంచీ పక్కన కూర్చోవడానికి బస్సులో ఎవరూ ముందుకు రాలేదు.

శుక్రవారం పొద్దున మంద దగ్గరికి వెళ్తే లారీ వ్యాపారి రెండు రోజులు ముందే వచ్చి కూర్చున్నాడు. పిల్లకు యాభై ఎక్కువ ఇస్తానంటున్నాడు. పెంచలయ్య మాకు ఎదురొచ్చాడు.

"శనివారం దాకా ఆగతానని ఆయమ్మకు చెప్పినాను. ఇయ్యాల శుక్కురారమే గదా" అన్నాడు వ్యాపారితో.

జానకమ్మ అక్కడే గడ్డిలో కూలబడి కాసేపు ఏడ్చింది. తరువాత లేచి, వచ్చిందే మేలని ఆ నెల తూకాలు కూడా వేసేసింది. పెంచలయ్య బోరుకు కావలసింది ఉంచుకొని, మిగిలిన దుడ్లు ఇంట్లో ఉంటే నిద్ర పట్టదు సార్ అని నా వెంటే వచ్చి మా బ్యాంకులోనే వేశాడు.

చెక్కులు చెల్లాయని తెలియడానికి ఆరు వారాలు పట్టింది. అన్నాళ్లూ మా ఆవిడ, ఆ పిల్లల్లో మన వాటా ఎన్ని అని అడుగుతూనే ఉంది. చివరికి సరోజిని గారే ఫోన్ చేసి, పదహారూ చెల్లాయి, మీ జీతం మీదే అన్నారు. అక్టోబరు ఆఖర్లో ముప్పై పిల్లలకూ ఏడాది తూకం పూర్తయింది.

నియమం రాసేవాడు ఒక్క మాట తక్కువ రాస్తే, ముందు నష్టపోయేది దాన్ని పాటించేవాళ్లే. పాటించని వాళ్లకు ఏమీ కాదు. ఆ తరువాత పదకొండేళ్ల సర్వీసులో ఏ కాగితం తప్పుందని తిప్పి పంపవలసి వచ్చినా, అలా చేయమని ఎవరు చెప్పారని ముందు అడిగేవాణ్ణి. చాలాసార్లు వచ్చిన జవాబు, మా బ్యాంకే.