హర్యన్న లావు తీగ

ఈ ఉదయం బడికి వెళ్తుంటే, పాలకుర్తి ఇంకా రాకముందే మా ఆటోకు ముందు ఒక ట్రాలీ ఆటో వచ్చి చేరింది. దాని నిండా నారు కట్టలు. అప్పుడే పీకినవేమో, వేళ్ళకు అంటిన బురద ఇంకా కారుతోంది. పచ్చి నారు వాసన, బురద వాసన కలిసి ఒక్కసారిగా మా ఆటోలోకి వచ్చేసరికి, ఒళ్ళో ఉన్న స్టీలు టిఫిను మీద నా కుడి బొటనవేలు దానంతటదే దెబ్బ వేయడం మొదలుపెట్టింది. కాసేపు ఊరుకుని ఒక్క దెబ్బ. మళ్ళీ కాసేపు ఊరుకుని ఒక్క దెబ్బ. డ్రైవరు అద్దంలోంచి చూసి, "ఏంది మేడం, ఆపాల్నా?" అన్నాడు. "ఏం లేదు తమ్మీ, నువ్వు పోనీ" అన్నాను. ఆ వేలికి ఆ దెబ్బ నేర్పిన మనిషి పోయిన ఎండాకాలం చనిపోయాడు. మీరు ఆయన్ను చూసి ఉండరు. ఆయన గిటారు మాత్రం మీలో కొందరి ఫోన్లలో, పేరు లేకుండా, ఉండే ఉంటుంది.

పేరు హర్యా నాయక్. దంతాలపల్లి దగ్గర ఒక తండా ఆయనది. చిన్నా పెద్దా అందరికీ హర్యన్నే. నాకంటే పాతికేళ్ళు పెద్దవాడైనా నేనూ అలాగే పిలిచాను. వయసులో ఉన్నప్పుడు మహబూబాబాదులో ఒక పెళ్ళి బ్యాండులో గిటారు వాయించేవాడు. మెరుపుల కోటు తొడుక్కుని, మెడకు గిటారు తగిలించుకుని బరాత్ ముందు నడుస్తుంటే పెళ్ళికొడుకును వదిలేసి జనం ఈయన్నే చూసేవారట. ఈ మాట ఆయన చెప్పిందే కాబట్టి సగం తగ్గించి నమ్మండి. తర్వాత జరిగింది మాత్రం పూర్తిగా నమ్మవచ్చు, ఎందుకంటే అది చెప్పేటప్పుడు ఆయన నవ్వేవాడు కాదు. "వానాకాలం పెండ్లి. బరాత్ మా తండా తొవ్వల పోతున్నది. పక్క పొలంల మా యాడి నాటేస్తున్నది" అని మొదలుపెట్టేవాడు. యాడి అంటే వాళ్ళ ఇంటి భాషలో అమ్మ. "ఆడోళ్ళందరు నాటు ఆపి మమ్ములనే చూస్తున్రు. నేను ఇగ రెచ్చిపోయి వాయించిన. మా యాడి ఒడ్డు మీదికి వచ్చి ఒక్కటే మాటడిగింది. 'అన్ని పాటలొస్తున్నయ్ గద, నీ డబ్బకు మా పాట రాదారా?' అని."

రాలేదు. ఇంటికి వెళ్ళి ఎంత ప్రయత్నించినా ఆ నాటు పాట గిటారు మీద బరాత్ పాటలాగే వచ్చిందట. చివరికి ఆయన చేసిన పని ఏమిటంటే, గిటారు ఇంట్లో పెట్టి పొలంలోకి దిగాడు. మా వైపు నాటు ఆడవాళ్ళ పని. మగవాడు నారు పట్టుకుని వాళ్ళ వరుసలో నిలబడితే తండా అంతా నవ్వింది. మూడు వానాకాలాలు ఆయన ఆ నవ్వుల మధ్యే నాటు వేశాడు. అప్పుడు తెలిసిందట అసలు సంగతి. పాట చెప్పే ఆమె ఒక మాట అని ఆగుతుంది. ఆగినచోట వరుసలో అందరి చేతులూ ఒక్కసారి బురదలోకి దిగుతాయి. చెయ్యి పైకి వస్తుండగా అందరూ ఆ మాటను తిరిగి అంటారు. పాటంతా ఆ ఆగడం మీదే నడుస్తుంది. హర్యన్న తీగలన్నీ వాళ్ళమ్మ గొంతుకు సరిపోయేదాకా వదులు చేశాడు. చెయ్యి బురదలోకి దిగే చోట మిగతా తీగలన్నింటినీ ఊరుకోబెట్టి, లావు తీగ మీద బొటనవేలితో ఒక్క దెబ్బ వేసేవాడు. విని వాళ్ళమ్మ "ఇప్పుడొచ్చింది" అన్నదట. పెళ్ళి బ్యాండువాళ్ళు మాత్రం నీ గిటారు పాడైపోయింది, నువ్వూ పాడైపోయావు అన్నారు.

నేను ఆయన్ను చూసింది జనగామలో, ఒక ఫంక్షన్ హాల్లో. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. మాది తొర్రూరు. అంతకు ఏడాది ముందు హైదరాబాదులో ఒక పాటల పోటీకి వెళ్తే, ఎంపిక చేసే పెద్దమనిషి నా పాటంతా విని, "గొంతు ఫర్వాలేదమ్మా, ముందు ఆ భాష శుభ్రం చేసుకుని రా" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు నేను బస్సులో తొర్రూరు దాకా మోసుకొచ్చాను. అప్పటినుంచి మా అమ్మతో తప్ప ఎవరితోనూ మా మాట మాట్లాడలేదు. ఆర్కెస్ట్రాలో చేరి, సినిమా పాటలు కోస్తావాళ్ళ నోటితో పాడటం నేర్చుకున్నాను. గొంతు బొంగురు కాబట్టి దాన్ని కూడా సన్నగా లాగి పాడేదాన్ని. ఆ ఆర్కెస్ట్రాలోనే హర్యన్న కుదిరాడు. మొదటి రోజు నా పాట అయ్యాక దగ్గరికొచ్చి, కొబ్బరినూనె గుడ్డతో తీగలు తుడుస్తూ, "గొంతు నీదే బిడ్డా. నోరెవరిది?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన పట్టించుకోలేదు. నేను స్టేజి మీద ఎంత సన్నగా లాగితే అంత కింది నుంచి లావు తీగ మోగించి వెక్కిరించేవాడు.

నెల తర్వాత నేనే వెళ్ళి, "మరి ఏ నోటితో పాడాలె?" అని అడిగాను. ఆదివారం తండాకు రమ్మన్నాడు. తీసుకెళ్ళి వాళ్ళమ్మ పక్కన బురదలో నిలబెట్టాడు. టౌను పిల్లను, మూడో అడుగుకే కూర్చుండిపోయాను. వరుసంతా విరగబడి నవ్వింది. ఆ నవ్వు హైదరాబాదు నవ్వులా లేదు. వాళ్ళే చేయి పట్టి లేపి, పాట చెప్పమన్నారు. నేను చెప్పాను. "మొగులు మొగులు గూడె ఓ వదినా" అని వాళ్ళు పాడుతున్న మబ్బుల పాటనే ఎత్తుకుని, ఆ చివర ఖాళీ ఎందుకు వదలాలని, రేడియోలో విన్న రాగం ఒకటి తీసి గింగిరాలు తిప్పాను. అందరి చేతులూ గాలిలో ఆగిపోయాయి. ముసలమ్మ నా వైపు తిరిగి, "ఏ పిల్లా, జర ఆగు. మా చేతులు బురదల దిగద్దా?" అన్నది. ఒడ్డు మీద కూర్చున్న హర్యన్న గిటారు మీద పడి నవ్వుతున్నాడు. సాయంత్రానికి నాకు ఆగడం వచ్చింది. ఆగితే గొంతును సన్నగా లాగే తీరిక ఉండదు. నా బొంగురు గొంతు, మా అమ్మ మాట వాటంతటవే బయటికొచ్చాయి.

తర్వాతి ఏడాది భూపాలపల్లిలో, గనుల్లో పనిచేసేవాళ్ళ కాలనీ మైదానంలో ఒక పెద్ద కార్యక్రమం పెట్టారు. ముందు వరసల్లో కుర్చీలు, వెనక నేల మీద పరిచిన పట్టాల మీద కుటుంబాలకు కుటుంబాలు కూర్చున్నాయి. అప్పటిదాకా ఏ స్టేజీ మీదా నాటు పాటకు చోటివ్వని మా ఆర్కెస్ట్రా యజమాని, హర్యన్న పోరు పడలేక ఒక్క పాటకు ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూనే, "ఒక్క కుర్చీ ఖాళీ అయినా సరే హర్యా, ఇయ్యాల్టితోని నీకూ నాకూ రాంరాం. నీ డబ్బ తీసుకొని తండాకు పో" అన్నాడు. హర్యన్నకు అప్పటికే యాభై దగ్గరపడింది. ఇంకో ఆర్కెస్ట్రా ఆయన్ను తీసుకోదు. పెళ్ళి బ్యాండులోకి తిరిగి వెళ్ళలేడు. అది నాకు తెలుసు. స్టేజి మెట్లెక్కుతూ ఆయన చొక్కా పట్టి ఆపాను. "పోనీ సినిమా పాటే పాడుదమా అన్నా?" అన్నాను. "నువ్వు ఆగు. అంతే నీ పని. మిగిలింది వాళ్ళు చూస్కుంటరు" అన్నాడు.

మొదటి మాట పాడి ఆగాను. లావు తీగ ఒక్కసారి మోగింది. తర్వాత ఏమీ లేదు.  రెండో మాట పాడి ఆగాను. ఎవరో ఈల వేశారు. ముందు వరసలో ఒకాయన లేచి చొక్కా సర్దుకున్నాడు. యజమాని పక్కనుంచి చేతులు ఊపుతున్నాడు. ఆ ఖాళీలో ఏదో ఒకటి పాడేద్దామని నోరు తెరిచి హర్యన్న వైపు చూశాను. ఆయన కళ్ళు మూసుకుని తల అడ్డంగా ఊపాడు. నుదుటి మీద చెమట ధారగా కారుతోంది. ఆయనకూ భయమేనని అప్పుడే తెలిసింది. భయపడుతూ కూడా ఆ ఖాళీని నింపలేదు. మూడో మాట పాడాను. "మడి నిండ నీళ్ళొచ్చె రావదినా." ఆగాను. తీగ మోగింది. వెనక పట్టాల మీది నుంచి, బహుశా కొడుకు గని పనికొస్తే వెంట వచ్చిన ఒక ముసలామె, గొంతెత్తి ఆ మాటను తిరిగి అన్నది. తర్వాతి మాటకు పది మంది. ఆ తర్వాత లెక్క లేదు. ఆ ఆడవాళ్ళందరూ ఒకప్పుడు ఏదో ఒక ఊళ్ళో నాటు వేసినవాళ్ళే. కూర్చున్నచోటే వాళ్ళ చేతులు కిందికి దిగుతున్నాయి, లేస్తున్నాయి. నేను ఏడుస్తూ పాడాను, ఆ హోరులో నా ఏడుపు ఎవరికీ వినిపించలేదు. లేచిన పెద్దమనిషి కూర్చోవడం మరిచి అలాగే నిలబడ్డాడు. పాట ఎంతకూ అయిపోకపోయేసరికి యజమానే వంగి వంగి వచ్చి, "ఇగ ఆపరాదే హర్యా" అన్నాడు. హర్యన్న కళ్ళు తెరవకుండానే, "నేనెక్కడ వాయిస్తున్ననే? వాళ్ళు ఆపితే గద!" అన్నాడు.

ఆ రోజు తర్వాత మేం ఆగింది లేదు. ఒకప్పుడు నవ్విన ఊళ్ళే పిలిచి పాడించుకున్నాయి. హైదరాబాదులోనూ పాడాను, మా మాటతోనే. మహబూబాబాదులో ఒక స్టూడియోలో రికార్డింగు పెట్టినప్పుడు, మిషను ముందు కూర్చున్న కుర్రాయన మర్యాదగానే, "సార్, ఈ ఖాళీలన్ని కట్ చేస్తే పాట టైటుగ వస్తది" అన్నాడు. హర్యన్న గిటారు పెట్టెలో పెట్టేశాడు. "అది ఖాళీ కాదు తమ్మీ. అది నాటేసేటోళ్ళ జాగా. అది మనం అమ్మద్దు" అన్నాడు. కత్తిరించకుండానే ఆ పాట బయటికి వెళ్ళింది. నాకు తర్వాత టీచరు ఉద్యోగం వచ్చి పాటలు తగ్గాయి. హర్యన్న వేళ్ళు మొద్దుబారేదాకా వాయించాడు. చివరిసారి చూడటానికి వెళ్ళినప్పుడు, "ఎన్ని స్టేజీలెక్కినం బిడ్డా. గానీ పాట తిరిగి పొలంలకు పోయిందో లేదో తెల్వకపాయె" అన్నాడు.  ఇప్పుడు నాట్లకు ఎక్కడెక్కడి నుంచో కూలీలు వస్తున్నారు, మిషన్లు వస్తున్నాయి. పాడేవాళ్ళెవరని నేనూ అనుకున్నాను.

సాయంత్రం బడి నుంచి తిరిగి వస్తుంటే, ఉదయం చూసిన ట్రాలీ రోడ్డు పక్కన ఖాళీగా ఆగి ఉంది. పక్క మడిలో పది, పన్నెండు మంది ఆడవాళ్ళు చివరి వరుసలు నాటుతున్నారు. ఒడ్డు మీద గడ్డిలో ఒక ఫోనులో పాట మోగుతోంది. బొంగురు గొంతు ఒకటి "మొగులు మొగులు గూడె" అని ఆగింది. లావు తీగ దెబ్బ పడింది. ఆ దెబ్బకు అందరి చేతులూ ఒక్కసారిగా బురదలోకి దిగాయి. చేతులు లేస్తుండగా వరుసంతా తిరిగి పాడింది. ఆటో ఆపించి ఒడ్డు దాకా నడిచాను. "ఎవల పాటక్కా ఇది?" అన్నాను. వరుస చివర ఉన్నామె నడుం కూడా ఎత్తకుండా, "ఎవలదేంది? మాదే" అన్నది. నేను చెప్పులు విప్పి ఒడ్డు మీద పెట్టి, చీర కుచ్చిళ్ళు ఎగదోపి, ఆమె పక్కన దిగాను.