మూడో డిస్కు మా బావది

మా షాపులో కంప్యూటరు ఒక్కటే. దాని పొట్టలో మాత్రం మూడు హార్డ్ డిస్కులు. పొద్దున్నే స్విచ్ నొక్కితే నల్లటి తెర మీద మూడు వరసలు వచ్చి, ఎవరిని లేపమంటావని అడిగేది. షాపుకు కొత్తగా వచ్చినవాళ్ళతో, ఒకదాంట్లో ఏలూరు ఉందండీ, ఇంకోదాంట్లో ఢిల్లీ ఉందండీ, మూడోదాంట్లో మా బావ ఉన్నాడండీ అని చెప్పేవాణ్ణి. నవ్వేవాళ్ళు.

నిజానికి మొదటి డిస్కులో ఉన్నది పాత విండోస్. పెళ్ళికార్డులు, కరపత్రాలు, చేపల చెరువుల వాళ్ళ సంఘం నోటీసులు అన్నీ అందులోనే చేస్తాను. మా పాత తెలుగు ఫాంట్లకి ఆ ఇల్లు తప్ప ఇంకో ఇల్లు పడదు. కొత్త విండోస్‌లో తెరిస్తే పెళ్ళికూతురి పేరు పగిలిన గాజుపెంకుల్లా కనబడుతుంది. రెండో డిస్కులో ఆ కొత్త విండోస్ ఉంది. ఢిల్లీ దాకా పోయే ఆన్‌లైన్ దరఖాస్తులన్నీ దాంట్లో. మూడోది లైనక్స్ అనే వేరే సిస్టం. అది బావది.

బావ అంటే చుట్టం కాదు. ఏలూరులో తివాచీలు నేసే ముస్లిం కుటుంబం వాళ్ళది. కుర్రతనంలో టైపు నేర్చుకునే చోట పక్కపక్క మిషన్ల మీద కూర్చున్నాం. తను బావా అన్నాడు, నేనూ బావా అన్నాను. అక్కడితో బంధుత్వం ఖాయమైపోయింది. తరవాత ఇద్దరం కలిసి షాపు పెట్టాం. పొద్దున్నపూట కంప్యూటరు నాది, మధ్యాహ్నం నుంచి తనది. వేల పెళ్ళికార్డులు వేశాను గానీ నా పేరుతో ఒక్కటీ వేసుకోలేదు కాబట్టి, రోజు మొత్తం మీద నేను మనసు విప్పి మాట్లాడే మనిషి బావ ఒక్కడే. అది కూడా మధ్యాహ్నం కుర్చీ మారే పావుగంట.

నాకు అన్నిట్లోనూ వేలు పెట్టే గుణం ఉంది. బావ ఫైళ్ళు ఎక్కడో పడేసేవాణ్ణి, తన కీబోర్డు అమరిక మార్చేసేవాణ్ణి. విసిగిపోయి ఒకరోజు సొంతంగా డిస్కు తెచ్చి బిగించుకున్నాడు, పాస్‌వర్డ్ పెట్టుకున్నాడు. మూడు డిస్కుల మీదా ఒకటి, రెండు, మూడు అని స్కెచ్ పెన్నుతో అంకెలు వేశాడు. మూడు వరసల తెర కూడా తనే తయారు చేశాడు. "బావా, ఎప్పుడైనా కొత్త సిస్టం ఎక్కించాలంటే ముందు మిగతా రెండు డిస్కుల తీగలు పీకెయ్. పీక్కుండా ముట్టుకోకు," అని నాకు పదిసార్లు చెప్పాడు. తన డిస్కులో వాళ్ళ నాన్నగారి తివాచీ డిజైన్లు ఉండేవి. గళ్ళ కాగితాల మీద ఆయన గీసిన లతలు, పువ్వులు. బావ వాటిని స్కాన్ చేసి, ఖాళీ దొరికినప్పుడల్లా గడి గడికీ రంగు నింపుకుంటూ మళ్ళీ గీసేవాడు.

ఇక నా సంగతి. మా వీధి చివరి టీకొట్టు దగ్గర కథలు చెప్పడం నాకు వ్యసనం. కొల్లేట్లో గూడబాతు మా మౌస్‌ని చేపనుకొని మింగేసిందని, అది ఎగురుతున్నంతసేపూ షాపులో తెర మీద బాణం గుర్తు పైకే పోయిందని చెప్పాను. దానివల్ల ఎవరికీ నష్టం లేదు. కానీ ఒకరోజు, పైన మబ్బు పట్టి జనం కదలకుండా కూర్చున్నారన్న ఉత్సాహంలో, బావ మీద ఒకటి కట్టాను. కొల్లేట్లో రెండు లంకల పెళ్ళికార్డులు బావ ఒకేరోజు వేశాడని, ఊళ్ళ పేర్లు తారుమారు చేశాడని, రెండు పెళ్ళివారూ పడవలెక్కి ఒకరి లంకకి ఒకరు వెళ్ళిపోయారని, భోజనాలయ్యాక గానీ ఎవరికీ తెలియలేదని. బెంచీల మీద వాళ్ళు పడి పడి నవ్వారు.

ఆ కథ నాకన్నా వేగంగా నడిచింది. వారం తిరిగేసరికి కొల్లేటివైపు నుంచి వచ్చినవాళ్ళు బావ వెనక నిలబడి ప్రతి వరసా వేలు పెట్టి చదవడం మొదలుపెట్టారు.

"ఏవండీ, మా ఊరి పేరు సరిగ్గానే పడిందాండీ? మొన్నెవరివో పడవలు అటూ ఇటూ అయ్యాయంట కదండీ."

"పొద్దున్న ఆయన ఉన్నప్పుడే వస్తాంలెండి. ఏమీ అనుకోకండి."

బావ అక్షరం తప్పు పోనిచ్చే మనిషి కాదు. ప్రూఫు మూడుసార్లు చూస్తాడు. ఒకరోజు కుర్చీ మారేవేళ అడిగాడు. "బావా, ఈ పడవల గోల ఎవరు పుట్టించారో నీకేమన్నా తెలుసా?"

"తెలీదు బావా," అన్నాను. నేను ఆడిన అబద్ధాలన్నిట్లోకీ చిన్నది అదే.

నెల తరవాత బావ తాడేపల్లిగూడెంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ అమ్మాయి జాకెట్ల మీద కంప్యూటర్ డిజైన్లు కుట్టే మిషన్ పెట్టుకుందని, సాయం కావాలని చెప్పాడు. పోట్లాట లేదు. కంప్యూటర్ని పద్ధతిగా ఆపి, కుర్చీ లోపలికి నెట్టి వెళ్ళాడు. డిస్కు మాత్రం వదిలేశాడు.

రెండేళ్ళు. రైలెక్కితే గంట లోపు ఊరు. నేను వెళ్ళలేదు, తను రాలేదు. రంజాన్‌కి నేను మెసేజ్ పెడితే "సంతోషం బావా" అని వచ్చేది. మధ్యాహ్నాలు కూడా షాపు నాదే అయింది. బావకి సరిపోయేలా కిందికి దించిన కుర్చీని పైకి లేపడానికి మనసొప్పక, మోచేతులు బల్లకి కొట్టుకుంటూనే పనిచేసేవాణ్ణి. పొద్దున్నే తెర మీద మూడో వరస చూసినప్పుడు కాస్త ధైర్యంగా ఉండేది. నాన్నగారి డిజైన్లు ఇక్కడున్నాయి, వాటికోసమైనా బావ రాక తప్పదు. వచ్చిననాడు పడవల సంగతి చెప్పేస్తాను. ఇదీ నేను వేసుకున్న పథకం.

మొన్న వానాకాలంలో కొత్త విండోస్ మరీ నత్తనడక పట్టింది. తుడిచి మళ్ళీ ఎక్కిద్దామనుకున్నాను. డబ్బా విప్పడానికి బద్ధకం వేసి తీగలు పీకలేదు. తెర మీద డిస్కుల జాబితా వచ్చింది. మూడూ ఒకే సైజు. నాకు కావలసింది రెండోది. 2 అని ఉన్న దాన్ని ఎంచుకొని తుడిచేశాను. ఆ తరవాత జాబితా పైకి చూస్తే మొదటి వరసలో 0 అని ఉంది. కంప్యూటరు సున్నా నుంచి లెక్కపెడుతుంది. బావ ఒకటి నుంచి అంకెలు వేశాడు. నేను తుడిచింది మూడో డిస్కు.

మళ్ళీ స్విచ్ నొక్కితే మూడు వరసలు రాలేదు. ఒక్క ఇంగ్లీషు ముక్క, పక్కన రెప్పలు కొట్టే చిన్న గీత. ఆ మూడు వరసల తెర ఉండేది కూడా బావ డిస్కులోనేనట. మిగతా ఇద్దరూ క్షేమంగానే ఉన్నారు గానీ వాళ్ళని లేపేవాడు లేడు.

మర్నాడు పొద్దున్నే రైలెక్కాను. దారి పొడవునా మూడు కథలు తయారుచేశాను. పిడుగు ఒకటి, ఎలుక ఒకటి, మూడోదాంట్లో వరద నీళ్ళు షాపులోకి వచ్చాయి. మూడూ బాగానే కుదిరాయి.

"మావయ్యగారా! ఎన్నాళ్ళకండీ! నాన్నా, ఎవరొచ్చారో చూడండి," అంది బావ కూతురు గుమ్మంలోనే.

"ఏంటి బావా, చిక్కిపోయావ్? వంట మానేశావా, కథలు మానేశావా?" అన్నాడు బావ. జుట్టు బాగా నెరిసింది.

కూర్చోకుండానే చెప్పేశాను. "నీ డిస్కు తుడిచేశాను బావా. నాన్నగారి డిజైన్లన్నీ పోయాయి."

బావ నవ్వు మొహంతో చూశాడు. "ఊఁ. ఏం, పిడుగు పడిందా?"

"పిడుగు లేదు. రెండోది కావాలని రెండు అంకె నొక్కాను. అది సున్నా నుంచి లెక్కపెడుతోంది."

నవ్వు ఆగిపోయింది. "తీగలు పీకలేదా?"

"పీకలేదు."

"నీకెన్నిసార్లు చెప్పాను బావా!" అని లేచి, నన్ను లోపలి గదిలోకి తీసుకెళ్ళాడు. అక్కడ కుట్టు మిషన్ దానంతటదే ఆకుపచ్చ జాకెట్ చేతి మీద బంగారు రంగు లత ఒకటి కుడుతోంది. ఆ లత నాకు తెలుసు. వాళ్ళ నాన్నగారిది.

"అందులో ఏమీ లేదు బావా. వచ్చేముందు రోజే అన్నీ తీసేసుకున్నాను. డిస్కు పీకేస్తే నీకు పొద్దున్నే మెషీను లేవదని సిస్టం ఒక్కటే ఉంచాను."

అంటే రెండేళ్ళపాటు నేను కాపలా కాసింది ఖాళీ ఇంటికి. తిరిగి వచ్చే పని ఆ రోజే లేకుండా చేసుకొని వెళ్ళాడు.

"ఆ పడవల కథ నాదే," అన్నాను.

"తెలుసు. అంత నున్నగా చెప్పేవాడు ఏలూరులో ఇంకెవడున్నాడు? నీ నోటితో చెబుతావేమోనని నెల్రోజులు చూశాను."

"ఇప్పుడు చెప్పాను కదా. వచ్చెయ్ బావా."

"ఇక్కడ పనుంది," అన్నాడు మెల్లగా. తరవాత కాగితం మీద, మెషీను లేవాలంటే ఏ మీట నొక్కి ఏ డిస్కుని ముందు పెట్టాలో వరసగా రాసిచ్చాడు. ఈసారి సున్నా నుంచి అంకెలు వేశాడు. అమ్మాయి భోజనం పెట్టింది. స్టేషన్ దాకా బావే బండి మీద దింపాడు.

మర్నాడు టీకొట్టు దగ్గర, నిన్న కనబడలేదేమండీ అని అడిగారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పడవలు, లంకలు, తారుమారు కార్డులు, ఏదీ జరగలేదు, నేనే కల్పించాను, బావ చేతిలో ఏనాడూ తప్పు పోలేదు అన్నాను. అందరూ నవ్వారు. ఆ పడవల కథకన్నా ఇది ఇంకా బాగుందన్నారు.

కొల్లేటివైపు పెద్దాయన ఒకరు మాత్రం నవ్వలేదు. "అలా అనకండి. మా బాబాయి ఆ పడవలో ఉన్నాడండీ," అన్నారు.

"లేరండీ. అసలు పడవలే లేవండీ."

"మీకు తెలీదులెండి," అన్నారాయన, చాలా మర్యాదగా.